బీపీటీ బియ్యం, కౌలు లెక్క, బుర్రకథ: పరిశోధన డేటా ఊరికి చేరేదెలా?

తెనాలి నుంచి బాపట్ల దాకా ఏ రైసు మిల్లు దగ్గరైనా కాసేపు నిలబడండి. "బీపీటీ బస్తా ఎంత పలుకుతోంది?" అనే మాట చెవిన పడుతుంది. బీపీటీ అంటే బాపట్లే. అక్కడి వరి పరిశోధనా కేంద్రంలో తయారైన 5204 నంబరు వంగడాన్ని 1986లో విడుదల చేశారు. పేరు సాంబ మసూరి. చుండూరు రైతు, మిల్లు గుమాస్తా, హైదరాబాద్ కిరాణా కొట్టువాడు ముగ్గురూ ఆ నంబరును అలవాటుగా వాడేస్తారు. అది ఒక పరిశోధన కేంద్రం రికార్డులో రాసుకున్న నంబరని మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

ఆ నంబరు వెనక బోలెడు లెక్క ఉంది. ఏ రకాన్ని ఏ రకంతో కలిపారు, ఎన్ని తరాలు ఏరారు, ఏ మడిలో ఎంత పండింది, ఏ తెగులుకు లొంగింది... ఇవన్నీ ఎవరో పొలం గట్టున నిలబడి పుస్తకంలో రాసుకున్నవి. పరిశోధన డేటా అంటే అదే. చివర్లో అచ్చయ్యే పది పేజీల వ్యాసం కాదు, ఆ వ్యాసానికి ముందు పొలంలో, ల్యాబులో, ఇంటింటి సర్వేలో పోగైన ముడి లెక్క. దాన్ని ఎవరైనా తీసుకుని మళ్లీ లెక్కేసుకునేలా, డబ్బు అడక్కుండా, ఏ గడిలో ఏముందో చెప్పే వివరణతో సహా బయట పెడితే దానికి ఓపెన్ డేటా అని పేరు. వంట చేసినవాడు కూర వడ్డించి ఊరుకోకుండా సరుకుల చీటీ కూడా చేతికిచ్చినట్టు అనుకోండి.

ఇది మన పొలానికి ఎలా పనికొచ్చిందో సాంబ మసూరి కథలోనే చూడొచ్చు. దాని పుట్టుకలో మూడు రకాలున్నాయి. జీఈబీ-24 కోయంబత్తూరుది. టైచుంగ్ నేటివ్-1 తైవాన్‌ది. మసూరి మలేషియా వైపు నుంచి వచ్చింది. మన పళ్లెంలో సన్నన్నానికి ఇన్ని దేశాల చుట్టరికం ఉంది. ఎవరికివారు విత్తనాన్నీ దాని వివరాన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసుకుని ఉంటే ఆ వంగడం వచ్చేదే కాదు.

సాంబ మసూరికి ఒక బలహీనత ఉంది. బ్యాక్టీరియా ఎండాకు తెగులు పట్టిందంటే తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధనా సంస్థ కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చాయి. మెరుగుపరచిన సాంబ మసూరి పేరుతో అది 2008లో బయటికొచ్చింది. ఆ మూడింట్లో ఒకటి, ఎక్స్‌ఏ-21, ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. దాన్ని 1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విడదీసి చూపించారు. ఏ మొక్కలో ఆ జన్యువు ఉందో, ఏ మొక్కలో లేదో పసిగట్టే గుర్తుల సమాచారం పరిశోధన పత్రికల్లో అచ్చయింది. హైదరాబాద్‌లోని శాస్త్రవేత్తలు ఆ గుర్తుల ఆధారంగానే నారు ఏరారు. మాలి అడవి గడ్డికీ మన చేలో తెగులుకీ మధ్య వంతెన వేసింది ఆ అచ్చయిన సమాచారమే.

మరి ఈ మూడు జన్యువుల సంగతి జనంలోకి వెళ్లిందా? పెద్దగా లేదు. జనంలోకి వెళ్లింది వేరే సంగతి. ఆ బియ్యం గ్లైసిమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉంటుందనీ, మామూలు తెల్ల బియ్యం కంటే అది తక్కువనీ తేలింది. "షుగర్ ఉన్నవాళ్ల బియ్యం" అనే మాట వెంటనే పాకింది. శాస్త్రవేత్త పదేళ్లు కష్టపడింది తెగులు మీద, మనిషి చెవి పెట్టింది షుగర్ మాటకు. ఇందులో తప్పేం లేదు. తన ఒంటికో, తన జేబుకో, తన పిల్లలకో తగిలితేనే ఎవరైనా లెక్క వింటారు. కాకపోతే ఆ మాట వెనక అసలు పరీక్ష వివరం (ఏ రకం మీద చేశారు, ఎంత పాలిష్ పట్టారు, ఎంతమంది తిన్నారు) అందుబాటులో లేకపోతే, రేపు ఏ వ్యాపారి అయినా ఏ బస్తా మీదైనా "షుగర్ ఫ్రీ" అని ముద్ర వేసుకుంటాడు. వాట్సాప్‌లో తిరిగే సగం ఆరోగ్య సలహాలు ఈ జాతివే. ఆకట్టుకునే మాట ముందు నడవాలి, దాని వెంట సరుకుల చీటీ రావాలి. రెండింట్లో ఏది లేకపోయినా బండి కదలదు, కదిలినా గట్టెక్కి పడుతుంది.

ఇక బియ్యం వదిలి, ఆ బియ్యం పండించేవాడి దగ్గరికొద్దాం. ఇక్కడే అసలు ప్రాణం ఉంది.

కృష్ణా పశ్చిమ డెల్టాలో, అంటే తెనాలి, చుండూరు, కొల్లూరు, రేపల్లె వైపు, చేలో దిగేవాడు వేరు, పట్టా ఉన్నవాడు వేరు. ఎకరాకు ఇన్ని బస్తాలని నోటి మాటతో కౌలు కుదురుతుంది. ఆ కౌలు అనే మాట అరబీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది, ఇచ్చిన మాట అని అర్థం. మాట మీద నడిచే వ్యవహారానికి భలే సరిపోయింది. అయితే మాట కాగితం మీదికి ఎక్కదు. అడంగల్ తీసి చూస్తే అనుభవదారు గడిలో కూడా చాలాచోట్ల యజమాని పేరే కనిపిస్తుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పనల మీద ఉన్న వరి నానిపోయింది. అలాంటప్పుడు పరిహారం, బీమా, బ్యాంకు అప్పు, ధాన్యం కొనుగోలు అన్నీ కాగితంలో ఉన్న పేరు చుట్టూ తిరుగుతాయి. పెట్టుబడి పెట్టినవాడి పేరు అక్కడ లేకపోతే అతను పంట వేయనట్టే. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, కానీ దాని కింద కార్డు కావాలంటే యజమాని ఒప్పుకోవాలి. ఎంతమంది ఒప్పుకుంటారో ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో కాగితం చూడండి. జాతీయ నమూనా సర్వే 77వ రౌండ్ 2018-19 సంవత్సరానికి జరిగింది. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సాగు కమతాల్లో సుమారు 42 శాతం కౌలువి. దేశం మొత్తం మీద చూస్తే 17 శాతమే. ఊరి రికార్డులో దాదాపు కనపడని మనిషి సర్వేలో కొండంత కనిపిస్తున్నాడు. పైగా ఈ సర్వేకి సంబంధించిన ఇంటింటి ముడి లెక్క, పేర్లు తీసేసి, కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో ఉచితంగా పెట్టింది. అంటే తెనాలి కాలేజీలో ఎకనామిక్స్ చదివే అమ్మాయి కూడా ఢిల్లీ ప్రొఫెసర్ చేతిలో ఉన్న ఫైలునే తెరిచి లెక్కేసుకోవచ్చు.

మన పక్కనే దీనికి ముందు నుంచీ ఒక ఉదాహరణ ఉంది. కొల్లూరు మండలం అనంతవరం కూడా చుండూరులాగే వేమూరు నియోజకవర్గంలోనిదే. 1974లో పుచ్చలపల్లి సుందరయ్య ఆ ఊరిని సర్వే చేయించారు. ఎవరికెంత భూమి, ఎవరు కూలి, ఎవరు కౌలు అని పట్టికలు వేశారు. ఆ ఫలితాలు 1977లో సోషల్ సైంటిస్ట్ పత్రికలో వచ్చాయి. మూడు దశాబ్దాల తర్వాత, 2005-06 సంవత్సరానికి, ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ వాళ్లు అదే ఊరిని మళ్లీ సర్వే చేశారు. రాయలసీమలో బుక్కచెర్ల, కరీంనగర్ వైపు కొత్తపల్లెతో కలిపి 2010లో పుస్తకం తెచ్చారు. మొదటి పట్టికలు అచ్చులో లేకపోతే రెండోవాళ్లు దేనితో పోల్చేవారు? రాసినవాడి రాజకీయం మనకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. పట్టిక బయట ఉంది కాబట్టి ఒప్పుకోనివాడు కూడా దాన్ని వాడుకోవచ్చు, తప్పు పట్టొచ్చు.

లెక్క ఎప్పుడు ఎవరికి ఎలా పనికొస్తుందో రాసినవాడికే తెలియదు. 1943 బెంగాల్ కరువు తర్వాత మహలనోబిస్ బృందం వేల కుటుంబాలను కలిసి, ఏ వృత్తివాళ్లు ఎంత చితికిపోయారో నమోదు చేసింది. 1946లో ఆ పట్టికలు వాళ్ల పత్రిక 'సంఖ్య'లో అచ్చయ్యాయి. 35 ఏళ్ల తర్వాత, 1981లో, అమర్త్య సేన్ కరువుల మీద రాసిన పుస్తకంలో ఆ పట్టికలనే వాడారు. వ్యవసాయ కూలీలు, చేపలు పట్టేవాళ్లు ముందుగా కూలిపోయారనీ, తిండి గింజలు లేకపోవడం కంటే కొనే శక్తి పోవడమే వాళ్లను చంపిందనీ చెప్పడానికి అవి ఆయనకు ఆధారమయ్యాయి.

అదే కరువును మన గుంటూరు జిల్లాలో జనం వేరే దారిలో విన్నారు. పొన్నెకల్లులో దూదేకుల ఇంట్లో పుట్టిన షేక్ నాజర్ బెంగాల్ కరువు మీద బుర్రకథ చెప్పారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. ఒకే కరువుకు ఒకవైపు కలకత్తాలో పట్టికలు, మరోవైపు గుంటూరు పల్లెల్లో గుమ్మెట మోత. ఆ పట్టికలు గుంటూరు పల్లెకు రాలేదు, ఈ పాటలో ఆ పట్టికలు లేవు. రెండూ ఒకే పందిట్లో కలిస్తే ఎలా ఉంటుందన్నదే ఈ వ్యాసం అడుగుతున్న సంగతి.

నిజానికి బుర్రకథ అల్లికే డేటా చెప్పడానికి కుదిరినట్టుంటుంది. మధ్యలో తంబూరతో కథకుడు కథ నడుపుతాడు. పక్కన ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. కథకుడు ఒక్కడే చెబితే అది ఉపన్యాసం అయిపోతుంది. పక్కవాళ్లు అడ్డం పడి అడుగుతారు కాబట్టే జనం కూర్చుంటారు. డేటా వినేవాడికి వచ్చే రెండు ప్రశ్నలూ వాళ్లే అడుగుతారు. ఒకటి, ఇది నాకెలా వర్తిస్తుంది? రెండు, ఈ లెక్క ఎవరు తీశారు, ఎలా తీశారు? కౌలు లెక్క మీద నమూనాకు నాలుగు మాటలు అల్లి చూపిస్తాను.

కథకుడు: "వినండమ్మా, వినండయ్యా! ఆంధ్రలో నూరు కమతాలు తీస్తే నలభై రెండు కౌలువంట!"

హాస్యం: "ఆగన్నా ఆగు. మా ఊరి అడంగల్ తిరగేస్తే ఒక్క కౌలుదారుడూ కనబళ్లేదే! అందరూ కలిసి ఢిల్లీలో కాపరం పెట్టారా?"

రాజకీయం: "కాపరం ఇక్కడే తమ్ముడూ. అడంగల్ రాసేవాడు పట్టా ఎవరిదని అడిగాడు. సర్వేకొచ్చినవాడు దున్నేదెవరని అడిగాడు. ప్రశ్న మారితే జవాబు మారదా?"

హాస్యం: "మరి ఆ సర్వేవాడు మా గడప తొక్కలేదుగా?"

రాజకీయం: "అన్నం ఉడికిందో లేదో ప్రతి మెతుకూ పట్టుకు చూస్తావా? కొన్ని మెతుకులే చూస్తారు. ఏ మెతుకు ఎలా ఎంచారో కూడా రాసిపెట్టారు, అనుమానముంటే చదువుకో."

ఇంతలో నమూనా సర్వే అంటే ఏంటో, నిర్వచనం మారితే అంకె ఎందుకు మారుతుందో, పద్ధతి వివరం ఎందుకు బయట పెట్టాలో మూడూ వచ్చేశాయి. పవర్ పాయింట్ అక్కర్లేదు. తెనాలి నాటకాల ఊరు, ఇలాంటివి రాయగలిగినవాళ్లకూ ఆడగలిగినవాళ్లకూ కొదవ లేదు.

జనానికి చెప్పడం ఒక ఎత్తు, లెక్క దగ్గర పెట్టుకున్నవాళ్లను ఒప్పించడం ఇంకో ఎత్తు. రెండోదే కష్టం. పరిశోధకుడి భయాలు అర్థం చేసుకోదగ్గవే. రెండేళ్లు ఎండలో తిరిగి పోగుచేస్తే ఇంకెవరో ఏసీ గదిలో కూర్చుని ముందు వ్యాసం రాసేస్తారేమో! నా తప్పులు బయట పడతాయేమో! ఫైలు శుభ్రం చేసి గడులకు పేర్లు పెట్టడానికి టైమెక్కడిది? ఇలాంటివాళ్లకు నీతులు చెప్పి లాభం లేదు. మీ వ్యాసం వచ్చేదాకా ఆగి తర్వాతే పెట్టండి, మీ డేటాకు ప్రత్యేక నంబరు వస్తుంది, వాడినవాళ్లు మీ పేరు చెప్పి తీరాలి అని చూపించాలి. ఇక్రిశాట్ 1975లో మొదలెట్టిన గ్రామ సర్వేలు దీనికి మంచి సాక్ష్యం. పాలమూరు వైపు ఔరేపల్లె, దోకూరు కూడా అందులో ఉన్నాయి. ఆ డేటాను బయటివాళ్లకు ఇచ్చినందువల్లే ప్రపంచ ఆర్థిక శాస్త్ర పత్రికల్లో మన పల్లెల పేర్లు చదువుతున్నారు. ఇక్రిశాట్ పేరు దానివల్ల తగ్గిందా, పెరిగిందా?

సర్కారీ సంస్థల్ని కదిలించడానికి వేరే దేశాల్లో కూడా తమాషాలే చేశారు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 2009లో ఒక సభలో, ముడి డేటా ఇప్పుడే ఇవ్వాలని జనం చేత నినాదం ఇప్పించాడు. స్వీడన్ డాక్టర్ హన్స్ రోస్లింగ్ 2006 నుంచి తెర మీద బుడగలు పరుగెత్తిస్తూ, క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు దేశాల ఆయుష్షు, ఆదాయం చెప్పేవాడు. డబ్బులిస్తే గానీ చూపని లెక్కల మీద విసుర్లు వేసేవాడు. 2010 ఏప్రిల్‌లో ప్రపంచ బ్యాంకు తన డేటాను ఉచితం చేసింది. మన దగ్గర రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ తోలుబొమ్మలతో, పాటలతో, "హమారా పైసా, హమారా హిసాబ్" అంటూ మస్టర్ రోళ్లు జనం ముందు చదివించింది. 2005 సమాచార హక్కు చట్టం వెనక ఆ హిసాబు పోరాటం ఉంది. ఆంధ్రలో ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో పేరు పేరునా చదివి "నువ్వు ఈ రోజు పనికెళ్లావా?" అని అడిగారు చూడండి, అది కూడా డేటాను ఊరి రచ్చబండకు తేవడమే.

కాగితం మీద విధానాలకు లోటు లేదు. వ్యవసాయ పరిశోధనా మండలి 2013లో, కేంద్ర శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ విభాగాలు 2014లో, యునెస్కో 2021లో ప్రకటించాయి. బాపట్ల వ్యవసాయ కళాశాల థీసిస్‌లు కృషికోశ్‌లో దొరుకుతాయి. చుండూరు నేలల మీద, మినుములో పల్లాకు తెగులు మీద ఆసక్తి ఉన్నవాళ్లు అక్కడ వెతకొచ్చు. ఇబ్బంది ఏంటంటే చాలా పట్టికలు స్కాన్ చేసిన బొమ్మలుగా ఉంటాయి. కంటితో చదవొచ్చు గానీ లెక్కేసుకోలేం. అద్దాల బీరువాలో పెట్టిన స్వీట్లు!

ఈ పత్రిక పాఠకులకు డేటా విలువ వేరే దెబ్బతో తెలుసు. 2006 సచార్ నివేదికకు అంత బరువు రావడానికి కారణం అది సర్వేల అంకెలతో మాట్లాడింది. ఆంధ్రప్రదేశ్‌లో ముస్లిం రిజర్వేషన్లు కోర్టుల్లో మళ్లీ మళ్లీ తట్టుకున్నది కూడా వెనుకబాటుతనాన్ని కొలిచిన తీరు దగ్గరే. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు 2007 చట్టాన్ని కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 4 శాతం కొనసాగింది. సర్వే పద్ధతి ముందే అందరి కళ్ల ముందూ ఉంటే లోపాన్ని కోర్టు కంటే ముందు మనమే పట్టుకోగలం.

అయితే అన్నీ బార్లా తెరవమని కాదు. పట్నం సర్వేలో పేరు తీసేస్తే మనిషి దాగిపోతాడు. పల్లెలో అలా కాదు. "40 ఎకరాలు, రెండు ట్రాక్టర్లు" అని రాస్తే అది ఎవరిల్లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. కౌలు ఎవరి దగ్గర తీసుకున్నాడో బయటపడితే వచ్చే ఏడు ఆ చేను దక్కకపోవచ్చు. కులం, అప్పు, జబ్బు లాంటి గడులు ఇంకా సున్నితం. చుండూరులో ఈ మాట ఊరికే అనడం లేదు. 1991 ఆగస్టు 6న ఇక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును ఈ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. సాక్ష్యం చెప్పడానికి ఊరు దాటనక్కర్లేని చోటికి కోర్టును రప్పించుకోవడమంటే ఏంటో ఈ ఊరికి తెలుసు, అది ఒక్కటే సరిపోదని కూడా తెలుసు.

కాబట్టి ట్యాబ్ పట్టుకుని ఎవరైనా సర్వేకొస్తే జవాబు చెప్పే ముందు అడగండి. ఈ లెక్క ఎక్కడ పెడతారు? నా పేరు ఎప్పుడు తీసేస్తారు? ఊరి మొత్తం ఫలితం తెలుగులో ఒక్క పేజీ పంచాయతీ గోడకు అంటిస్తారా? ఈ మూడో ప్రశ్న ఎవరూ అడగరు, అందుకే ఎవరూ అంటించరు.

ఇక సర్వే ముడి డేటా చూడాలనుకునే విద్యార్థులకు ఒక మాట. మైక్రోడేటా పోర్టల్‌లో ఖాతా తెరవడానికి పైసా ఖర్చు లేదు. ఫైలుతో పాటు వచ్చే ప్రశ్నావళిని ముందు చదవండి, లేకపోతే గడుల నంబర్లు అర్థం కావు. చుండూరు పేరు అందులో దొరకదు, సర్వే జిల్లా కంటే కిందికి చూపించదు. జిల్లా స్థాయిలో నమూనా చిన్నది, దాన్ని పట్టుకుని పెద్ద తీర్పులు ఇవ్వకండి. బాపట్ల జిల్లా 2022లో పుట్టింది గనుక 77వ రౌండ్ ఫైల్లో మన ప్రాంతాన్ని గుంటూరు కోడ్ కింద వెతుక్కోవాలి.